మార్కెట్ సంగతి తర్వాత, జీతం ఆగితే ఎన్ని నెలలు?

ప్రశ్న: మాది నిజాంపేట. మావారు గచ్చిబౌలిలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్. చేతికి 1,35,000 వస్తుంది. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, 32,000. అమెరికాలో మాంద్యం వస్తోందని టీవీలో ఒకటే గోల. మావారి క్లయింటు అక్కడి బ్యాంకే. టీమ్‌లో నలుగుర్ని ఇప్పటికే ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద కూర్చోబెట్టారట. మ్యూచువల్ ఫండ్లు, కంపెనీ షేర్లు కలిపి 14 లక్షలు ఉండేవి, ఇప్పుడు 11.5 లక్షలకు దిగాయి. రాత్రి పన్నెండు దాటినా ఆయన ఫోన్‌లో అవే చూస్తూ కూర్చుంటారు. అన్నీ అమ్మేసి బంగారం కొనమని మా మరిది అంటున్నాడు. పర్సనల్ లోన్ తీసుకునైనా షేర్లు కొనాల్సిన టైం ఇదేనని ఆయన ఫ్రెండు. తెలిసినవాళ్లకు రెండు రూపాయల వడ్డీకి ఇద్దామని మామయ్యగారు. ఇంటి లోన్ కొంత ముందే కట్టేస్తే మంచిదని నాకు అనిపిస్తోంది. మా జమాఖర్చుల కాగితం జతచేశాను. అసలు ఈ మాంద్యం ఏమిటో, మేమేం చేయాలో చెప్పండి. ఇంకో మాట, మా మరిది తీసుకోబోయే లోన్‌కు మావారిని జామీను ఉండమంటున్నాడు. ఉండొచ్చా?
— ఓ పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం కంటే ముందు మీ జమాఖర్చుల కాగితమే చదివాను. ఇంత వివరంగా రాసి పంపేవాళ్లు తక్కువ. మీకు కావలసిన జవాబు చాలావరకు అందులోనే ఉంది.

ముందు మాంద్యం సంగతి. ఒకరి ఖర్చే ఇంకొకరి ఆదాయం. అక్కడి బ్యాంకు ఖర్చు తగ్గించుకుంటే మీవారి ప్రాజెక్టు ఆగుతుంది. ఇలాంటి ప్రాజెక్టులు నాలుగు ఆగితే మాదాపూర్‌లో హాస్టల్ గదులు ఖాళీ అవుతాయి, కింద టిఫిన్ సెంటర్‌కు బేరం పడిపోతుంది, ఆ టిఫిన్ సెంటర్ యజమాని పిల్లాణ్ని మీ స్కూలు మాన్పించి ఫీజు తక్కువున్న చోట చేర్పిస్తాడు. అంటే మీ జీతానికీ దీనితో సంబంధం ఉంది. అందరూ ఒకేసారి చెయ్యి బిగబట్టడంతో అందరి రాబడీ తగ్గిపోయి, అది నెలల తరబడి సాగితే దాన్నే మాంద్యం అంటున్నాం. మన ఐటీ ఎగుమతుల్లో సగానికి పైగా అమెరికాకే వెళ్తాయి కాబట్టి అక్కడి సంగతి ఇక్కడ అపార్ట్‌మెంట్ లిఫ్టులో కూడా మాట్లాడుకుంటారు.

అయితే మాంద్యం వేరు, మార్కెట్ పడటం వేరు. టీవీవాళ్లు రెండిటినీ కలిపేసి చెబుతారు, అసలు టెన్షన్ అంతా అక్కడే మొదలవుతుంది. 2008నే చూడండి. జనవరిలో సెన్సెక్స్ 21,000 దాటింది. సెప్టెంబరు 15న అమెరికాలోని లేమన్ బ్రదర్స్ బ్యాంకు దివాలా తీసింది. అక్టోబరు చివర్లో సెన్సెక్స్ ఒక దశలో 8,000 కిందికి కూడా వచ్చింది. ఆ ఏడాది మన దేశ ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయిందా అంటే లేదు, పెరుగుదల మాత్రం నెమ్మదించింది. 2020లో దీనికి రివర్స్. ఏప్రిల్ నుంచి జూన్ వరకు మూడు నెలల్లో దేశ ఉత్పత్తి అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 24 శాతం పడిపోయింది. అంత పెద్ద పతనాన్ని మన తరం చూడలేదు. కానీ ఆ అంకె బయటికొచ్చిన ఆగస్టు 31 నాటికి సెన్సెక్స్ 38,000 పైన ఉంది. మార్కెట్ అప్పటికే మార్చి 23న అడుగు తాకేసింది. ఆ ఒక్కరోజే 3,900 పాయింట్లకు పైగా పడి 26,000 దిగువన ముగిసింది. ఆ వారంలో భయపడి అమ్మేసినవాళ్లకు నష్టం ఖాయమైపోయింది. నవంబరుకల్లా సెన్సెక్స్ పాత రికార్డు దాటింది.

అమెరికాలో మాంద్యం వచ్చిందీ పోయిందీ తేల్చి చెప్పేది నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనామిక్ రీసెర్చ్ అనే సంస్థలోని నిపుణుల కమిటీ. అప్పట్లో మాంద్యం 2007 డిసెంబరులో మొదలైందని వాళ్లు ప్రకటించింది 2008 డిసెంబరు 1న. ఏడాది ఆలస్యం! 2009 జూన్‌లో ముగిసిందని చెప్పింది 2010 సెప్టెంబరులో. ఈలోగా అక్కడి మార్కెట్ 2009 మార్చిలోనే అడుగు తాకి పైకి లేచింది. వాళ్ల తెలివిని తక్కువ చేయడం లేదు, లెక్కలన్నీ వచ్చాకే చెప్పాలన్నది వాళ్ల పద్ధతి. కానీ ఆ వార్త విని కొనేవాళ్లు, అమ్మేవాళ్లు మాత్రం బస్సు వెళ్లిపోయాక స్టాండుకు వచ్చినవాళ్లే. మీవారు రాత్రి పన్నెండింటికి చూస్తున్నదీ ఆ బస్సు కోసమే. ఫోన్ పక్కన పెట్టమనండి.

మరి మార్కెట్ ఎప్పుడూ తిరిగి లేస్తుందన్న భరోసా ఉందా? ఫండ్లు అమ్మేవాళ్లు ఉందనే చెబుతారు. నేను చెప్పను. జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబరు చివర్లో చేరుకున్న శిఖరాన్ని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో, 34 ఏళ్ల తర్వాత. మన దగ్గర 2008 జనవరి నాటి 21,000 కోసం 2010 నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఎంతకాలం పడుతుందో ముందే చెప్పగలిగినవాళ్లు లేరు. అందుకే మార్కెట్ ఎప్పుడు లేస్తుందన్న ప్రశ్న మీకు పనికిరాదు. అది లేచేదాకా మీ ఇల్లు ఏదీ అమ్మకుండా గడుస్తుందా అన్నదే మీరు చూసుకోవాల్సింది. మాంద్యంలో దెబ్బతినేది షేర్లు పడ్డవాళ్లు కాదు, పడ్డప్పుడు అమ్మక తప్పనివాళ్లు.

ఇప్పుడు మీ కాగితం తీస్తాను. ఇంటి లోన్ 52,000, కారు 11,000, పిల్లల ఫీజులు నెలకు 15,000, ఇల్లు గడవడానికి 28,000, కరెంటు, మెయింటెనెన్స్, పెట్రోలు కలిపి 9,000, అత్తమామల మందులు 6,000, చిట్టీ 10,000, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో వేసేది) 20,000. మొత్తం 1,51,000. ఇద్దరి జీతాలు 1,67,000. నెలకు 16,000 మిగులుతోంది. అంతా బాగుంది.

మీవారి జీతం ఆగిందనుకుందాం. సిప్ ఆపేస్తారు. ఇంటి ఖర్చు 24,000కు, కరెంటు పెట్రోలు 6,000కు దించుతారు. అంతకంటే తగ్గదు. అయినా 1,24,000 కట్టాల్సినవే. మీ జీతం పోగా నెలకు 92,000 లోటు. బ్యాంకులో మీ ఎఫ్‌డీ 4 లక్షలు. అంటే నాలుగు నెలలు గడిచి ఇంకో పది రోజులు. మీ పదకొండున్నర లక్షలు ఇంకో రెండు లక్షలు తగ్గినా నాకు బెంగ లేదు, ఈ నాలుగు నెలల అంకె చూస్తేనే బెంగ. మార్కెట్ పడినప్పుడే కంపెనీలు మనుషుల్ని తీసేస్తాయి, అప్పుడే కొత్త ఉద్యోగాలు దొరకవు. ఆరేడు నెలలు ఇంట్లో కూర్చోవాల్సి వస్తే ఐదో నెలలో మీరు ఆ ఫండ్లనే, అప్పుడు పలికే రేటుకే అమ్మాలి.

కాబట్టి ఈ నాలుగును పదికి ఎలా తీసుకెళ్లాలో చూద్దాం.

మీకు ఐదు లక్షల చిట్టీ ఉంది, 50 నెలల్లో 30 కట్టేశారు, ఇంకా పాడుకోలేదు. రిజిస్టర్డ్ కంపెనీదేనని రాశారు, మంచిది. దాన్ని ఇప్పుడే పాడండి. చివరిదాకా ఆగితే ఎక్కువ వస్తుందన్న మాట నిజమే, మామూలు రోజుల్లో నేనూ అదే చెప్తాను. కానీ చిట్టీ పాడాక డబ్బు చేతికి రావాలంటే కంపెనీ జామీనుదారుల్ని అడుగుతుంది, మీవారి జీతం స్లిప్పులు అడుగుతుంది. ఉద్యోగం పోయిన మర్నాడు మీరు కట్టిన డబ్బే మీ చేతికి రావడం కష్టమవుతుంది. పైగా రోజులు బాగాలేనప్పుడు అందరూ పాటకు ఎగబడతారు, తగ్గింపు పెరుగుతుంది. ఇప్పుడు పాట ఎంతలో పోతోందో బ్రాంచిలో కనుక్కోండి. కమీషన్‌తో కలిపి 60,000 పోయి 4.4 లక్షలు వచ్చాయనుకుంటే, ఎఫ్‌డీ 8.4 లక్షలవుతుంది. మిగతా వాయిదాలు పైన లెక్కలో కలిపే ఉన్నాయి. నాలుగు నెలలు కాస్తా తొమ్మిదయ్యాయి.

ఇది చిట్టీకొక్కదానికే కాదు. జీతం వస్తున్నప్పుడు బ్యాంకువాళ్లు ఫోన్ చేసి మరీ లోన్ ఇస్తామంటారు. ఆగిపోయాక ఎత్తరు. అప్పు చేయమని చెప్పడం లేదు. జీతం చూపించి చేసుకోవలసిన పనులేవైనా ఉంటే జీతం ఉండగానే చేసుకోవాలి.

రెండోది కంపెనీ షేర్లు, 3.5 లక్షలు. వీటిని నిలుపుకోవాలని మీవారికి ఉందని రాశారు. వద్దు. జీతం ఆ కంపెనీ నుంచే, షేర్లూ ఆ కంపెనీవే, ఫ్లాటు కూడా ఐటీ వాళ్ల కొనుగోళ్ల మీద నిలబడ్డ ఏరియాలోనే. ఒకటి పడితే మూడూ పడతాయి. మన హైదరాబాద్‌వాళ్లకు ఇది కొత్త పాఠం కాదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లెక్కల్లో గోల్‌మాల్ చేశానని ఉత్తరం రాసినరోజు ఆ షేరు 179 రూపాయల నుంచి 40 దరిదాపులకు పడిపోయింది. కంపెనీ షేర్లనే పొదుపుగా దాచుకున్న ఉద్యోగులకు ఆ ఒక్కరోజులో అటు ఉద్యోగం మీద నమ్మకం, ఇటు పొదుపు రెండూ పోయాయి. మీవారి కంపెనీ అలాంటిదని నేను అనడం లేదు. మంచి కంపెనీ షేరు కూడా క్లయింట్లు తగ్గితే పడుతుంది, ఆ క్లయింట్లు తగ్గితేనే మీవారి ఉద్యోగానికీ ఎసరు. సెన్సెక్స్ లాంటి సూచీలోని కంపెనీలన్నిటినీ కొనే సూచీ ఫండ్ పడితే ఎదురుచూడవచ్చు, ఒక్క కంపెనీ షేరు లేవకపోవచ్చు. అమ్మే ముందు పన్ను లెక్క మాత్రం మీ ఆడిటర్‌కు చూపించండి.

ఆ 3.5 లక్షల్లోంచి 2.1 లక్షలతో కారు లోన్ తీర్చేయండి. ఇంకా 21 నెలలు ఉందని రాశారు. ముందే తీరిస్తే ఎంత ఛార్జి వేస్తారో అడిగి చూడండి. ఇంటి లోన్‌లో కట్టాలన్న మీ ఆలోచన మామూలుగా మంచిదే, కానీ ఈ సమయానికి తగదు. అదే 2.1 లక్షలు ఇంటి లోన్‌లో వేస్తే ఎక్కడో చివర కొన్ని నెలలు తగ్గుతాయి. వచ్చే నెల కట్టాల్సింది మాత్రం అదే 52,000. వేసిన డబ్బు వెనక్కి అడిగితే రాదు. కారు లోన్ తీరిస్తే 11,000 వాయిదా ఒక్కసారిగా మాయం. లోటు 92,000 నుంచి 81,000కు దిగుతుంది, 8.4 లక్షలు పది నెలలు దాటి వస్తాయి. పెద్ద అప్పు ముందు తీర్చాలన్నది మంచి రోజుల లెక్క. ఇలాంటప్పుడు ఒక వాయిదాను పూర్తిగా లేకుండా చేసే అప్పునే ముందు తీర్చాలి.

ఇంటి లోన్ విషయంలో చేయాల్సిన పని ఒకటుంది. మీ లోన్ రెపో రేటుకు, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీకి, ముడిపడి ఉందో లేదో చూడండి. 2019 అక్టోబరుకు ముందు తీసుకున్నది అయితే పాత పద్ధతిలోనే ఉండిపోయి ఉండవచ్చు. కష్టకాలంలో రిజర్వ్ బ్యాంకు వడ్డీ తగ్గించడం మామూలే. 2008లో 9 శాతం ఉన్న రెపో 2009 ఏప్రిల్‌కు 4.75కు వచ్చింది, 2020లో 5.15 నుంచి 4కు దిగింది. ఆ తగ్గింపు మీ దాకా త్వరగా రావాలంటే లోన్ దానికి ముడిపడి ఉండాలి. మార్చుకోవడానికి కొద్దిగా ఫీజు పడుతుంది, అడిగితే చేస్తారు. అదే కారణంతో ఎఫ్‌డీ వడ్డీలూ తగ్గుతాయి కాబట్టి డిపాజిట్ వేయడానికి ఆలస్యం చేయకండి. ఆ 8.4 లక్షలు రెండు బ్యాంకుల్లో వేయండి. ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకానే డిపాజిట్ బీమా ఉంది. వడ్డీ ఒక శాతం ఎక్కువిస్తారని పరస్పర సహకార సొసైటీల్లో వేయకండి, వాటికి ఈ బీమా వర్తించదు.

కంపెనీ షేర్ల డబ్బులో మిగిలిన 1.4 లక్షల్లోంచి ముందు ఒక ఆరోగ్య బీమా పాలసీ తీసుకోండి. మీ ఆరుగురికీ ఉన్నది కంపెనీ ఇచ్చిన బీమానే. ఉద్యోగంతోపాటే అదీ పోతుంది. అత్తగారికి షుగరు, మామగారికి బీపీ అన్నారు. ముందునుంచీ ఉన్న జబ్బులకు కొత్త పాలసీలో మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టవచ్చు, అందుకే ఆ గడువు ఇప్పుడే మొదలవ్వాలి. జబ్బులు దాచి ఫారం నింపొద్దు, క్లెయిము దగ్గర దొరికిపోతారు.

ఇక 8 లక్షల మ్యూచువల్ ఫండ్లు. ఈ డబ్బు ఏ సంవత్సరంలో కావాలో దాన్ని బట్టి విడదీయండి. పెద్దమ్మాయి 9వ తరగతి. బీటెక్‌కు మూడు నాలుగేళ్లే. ఆ ఫీజుకు మీరు అనుకున్న 3 లక్షలు షేర్ల ఫండ్లలో ఉండకూడదు. నష్టంలో ఉన్నా సరే, నెలకు కొంత చొప్పున ఏడాది ఏడాదిన్నరలో ఎఫ్‌డీకి మార్చేయండి. ఫీజు కట్టాల్సిన తేదీని మార్కెట్ కోసం వాయిదా వేయరు. మిగతా 5 లక్షలు మీ రిటైర్మెంట్‌కు. వాటిని ముట్టుకోవద్దు, సిప్ ఆపొద్దు. రేట్లు తగ్గినప్పుడు అదే 20,000కు ఎక్కువ యూనిట్లు వస్తాయి. ఉద్యోగం నిజంగా పోతే అప్పుడు ఆపండి. కానీ ఖాతాలో డబ్బు లేకుండా వదిలేస్తే ఆటో డెబిట్ బౌన్స్ అయ్యి బ్యాంకు ఛార్జి వేస్తుంది, కాబట్టి ముందే ఫండ్ సైట్‌లోకి వెళ్లి పాజ్ పెట్టండి.

ఫ్రెండు గారి సలహాకు పెద్ద జవాబు అక్కర్లేదు. పర్సనల్ లోన్ వాయిదా వచ్చే నెలే మొదలవుతుంది, షేరు ఎప్పుడు లేస్తుందో తెలియదు. ఆయన గానీ షేర్ల ధరల మీద పందెం లాంటి ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్ గురించి మాట్లాడుతుంటే, 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో అందులో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తేల్చిందని చెప్పండి.

బంగారం మీ దగ్గర 25 తులాలు ఉంది. చాలు. అవసరం పడితే ఒక్క పూటలో లోన్ వస్తుంది, అదే దాని గొప్ప. ఇప్పుడు నగలు కొంటే తరుగు, మజూరీ కింద కొంత మొదటిరోజే పోతుంది. ఎగబడి కొన్నవాళ్లకు బంగారం కూడా చేదు చూపించింది. 2011లో ఔన్సు 1,900 డాలర్ల దాకా వెళ్లి 2015 చివరికి 1,050 దగ్గరికి దిగింది.

మామయ్యగారి సంగతి కాస్త జాగ్రత్తగా చెప్పాలి, పెద్దాయన. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకులో అందులో సగానికే అప్పు పుట్టేవాడు ఆయన గుమ్మం ఎక్కడు. బ్యాంకు కాదన్నవాడే వస్తాడు, రోజులు బాగాలేనప్పుడు మొదట ఆగిపోయేదీ అతని వాయిదాలే. ప్రామిసరీ నోటు పట్టుకుని కోర్టుకు తిరగడం ఈ వయసులో ఆయన వల్ల కాదు. పెద్ద వడ్డీ ఆశకు అగ్రిగోల్డ్‌లో డబ్బు పెట్టి ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు, ఆయనకూ ఎవరో ఒకరు తెలిసే ఉంటారు. నేను చెప్పానని కాకుండా, ఆ తెలిసినవాళ్లతోనే ఒకసారి మాట్లాడించండి. ఇదే సమయంలో అనుమతులు రాకముందే అమ్మే ప్రీ లాంచ్ ఫ్లాట్ల బేరాలు కూడా వస్తాయి, సగం ధరకే అంటారు. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. మొత్తం ముందే కట్టమన్నాడంటే అక్కడే లేచి వచ్చేయండి.

మీవారికి ఒక మాట. హెచ్‌ఆర్ పిలిచి మీరే రాజీనామా చేయండి అంటే అక్కడికక్కడ సంతకం పెట్టొద్దు. కాగితాలు ఇంటికి తెచ్చుకుని చదవాలి. నోటీసు జీతం ఎంత, గ్రాట్యుటీ ఎంత, రిలీవింగ్ లెటర్ ఎప్పుడిస్తారు, బీమా ఏ తేదీ దాకా ఉంటుంది, అన్నీ మెయిల్‌లో రాయించుకోవాలి.

చివరగా మీ మరిదికి జామీను. ఉండొద్దు. అతను కట్టకపోతే ఆ వాయిదా మీ 81,000 లోటు మీద పడుతుంది, అప్పులు సరిగా కడతారా అని బ్యాంకులు చూసే మీవారి సిబిల్ స్కోరు కూడా దెబ్బతింటుంది. మావారి ఉద్యోగమే ఊగుతోంది, జీతం లేని మనిషి జామీను నీకేం పనికొస్తుంది అని ఉన్నమాట చెప్పండి, నొచ్చుకోడు. ఇంకో జాగ్రత్త, మీ చిట్టీ జామీనుకు అతన్ని అడగకండి. అడిగితే రేపు మీరు కాదనలేరు. మీ స్కూల్లో పర్మనెంట్ టీచర్లను గానీ, ప్రభుత్వోద్యోగంలో ఉన్న బంధువులను గానీ చూసుకోండి. ఎల్ఐసీ బాండును హామీగా తీసుకునే కంపెనీలూ ఉన్నాయి, మీ కాగితంలో రెండు పాలసీలు కనిపించాయి. వచ్చే పాట తేదీ ఎప్పుడో రేపే బ్రాంచికి ఫోన్ చేసి కనుక్కోండి.